బాపు అడిగిన ఒక్క ప్రశ్నకు ఆహెన్ నుంచి సవివర సమాధానం

ఆవర్‌పూర్‌లోని బాపుకు, అమ్మకు వారి రెండో కుమారుడు వ్రాయునది. 

బాపు లేవనెత్తిన ప్రశ్న స్థూలంగా ఇది: కుమారుడు జర్మనీలో ఏ కాగితం మీద ఉన్నాడు, ఆ కాగితం గడువు తీరిన మర్నాడు పోలీసులు వచ్చి బేడీలు వేసి విమానం ఎక్కిస్తారా? 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానమొకటి 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించిన దృశ్యాన్ని టీవీలో చూసిన నాటి నుంచి బాపుకు నిద్ర సరిగా పట్టడం లేదని అమ్మ తెలియజేసినందున, అమెరికాకూ జర్మనీకీ మధ్య ఒక మహాసముద్రం ఉన్నదన్న సంగతిని మొదట గుర్తుచేసి, తక్కినదాన్ని కొంత విస్తరించి చెప్పడం ఉచితం. అమ్మ ప్రశ్నలకు సమాధానాలు క్లుప్తమైనవి: చలి ఉన్నది, స్వెటర్ కూడా ఉన్నది; జొన్నరొట్టె ఇంకా గుండ్రంగా రావడం లేదు; పెళ్ళి సంగతి ఈ లేఖ పరిధిలోకి రాదు.

ఒక చోట ఉండటానికి ఇంత కాగితం ఎందుకన్న బాపు అసహనానికి చారిత్రక కారణం లేకపోలేదు. తాత కాలంలో ఈ కుటుంబం ఉన్న రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది; 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అది బొంబాయి రాష్ట్రానికి, అంటే నేటి మహారాష్ట్ర వైపుకు, వెళ్ళిపోయింది గనుక, ఈ కుటుంబం గడప దాటకుండానే, దరఖాస్తు పెట్టకుండానే, రుసుము కట్టకుండానే వేరే రాష్ట్రపు వాసి అయింది. జివతి తాలూకా సరిహద్దులోని పరందోలి, ముకదంగూడ వంటి ఊళ్ళలో మహారాష్ట్ర రేషన్ కార్డు ఒకటి, తెలంగాణ రేషన్ కార్డు ఒకటి ఉండటం, ఓటు సైతం రెండు వైపులా ఉండటం ఎరిగిన ప్రాంతానికి, మనిషికి ఒకే కార్డు, దానికీ మళ్ళీ గడువు అనే పద్ధతి పిసినారితనంగా తోచడం సహజమే. పునర్విభజన ప్రభావం కుమారుడి వీసా దాకా కూడా పాకింది: తెలంగాణవాసుల దరఖాస్తులు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోనివి, మహారాష్ట్రవాసులవి ముంబై పరిధిలోనివి, అందువల్ల ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ దరఖాస్తుదారుడు ముంబై దారి పట్టవలసి వచ్చింది.

ఇక అసలు విషయం. 2005 జనవరి 1 నుంచి అమలులో ఉన్న జర్మన్ నివాస చట్టం విదేశీయుడికి ఏడు రకాల పత్రాలను పేర్కొంటున్నది. మొదటిది వీసా, అంటే దేశంలోకి రావడానికి అనుమతి. రెండవది ఆఫెంట్‌హాల్ట్స్‌ఎర్లౌబ్నిస్, అంటే ఒక నిర్దిష్ట ప్రయోజనానికి, నిర్దిష్ట కాలానికి ఇచ్చే నివాస అనుమతి. మూడవది ఐరోపా బ్లూ కార్డు, అంటే చదువూ నిర్ణీత జీతమూ రెండూ ఉన్న ఉద్యోగికి ఇచ్చేది. నాలుగవది, ఐదవది బహుళజాతి సంస్థలు తమ ఉద్యోగులను ఒక దేశపు శాఖ నుంచి మరొక దేశపు శాఖకు మార్చినప్పుడు పనికివచ్చేవి కనుక బాపు వాటి గురించి చింతించనక్కరలేదు. ఆరవది నీడర్‌లాస్సుంగ్స్‌ఎర్లౌబ్నిస్, అంటే గడువు లేని స్థిరనివాస అనుమతి. ఏడవది ఇంచుమించు ఆరవదే, ఐరోపా సమాఖ్య పేరుతో వస్తుంది. రెండవ రకంలో ప్రయోజనాన్ని బట్టి మళ్ళీ ఉపజాతులు ఉన్నాయి: చదువుకు సెక్షన్ 16బి, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 20, పట్టా ఉన్న నిపుణ ఉద్యోగికి 18బి. కర్మాగారపు గేటు దగ్గర సందర్శకుడికి, కాంట్రాక్టు కార్మికుడికి, పర్మినెంటు ఉద్యోగికి వేర్వేరు పాసులు ఉండటం బాపు ఉద్యోగకాలమంతా చూసిందే; ఇక్కడ గేటు కొంచెం పెద్దది. భారతీయులిద్దరు కలిస్తే ఊరూ ఇంటిపేరూ అడగడానికి ముందు సెక్షన్ అడిగే ఆచారం ఈ చట్టం వల్లనే పుట్టింది.

కుమారుడు ప్రస్తుతం 20వ సెక్షన్ మీద ఉన్నాడు. జర్మనీలో పట్టా పొందినవారికి ఈ అనుమతి 18 నెలల దాకా దొరుకుతుంది, ఆ కాలంలో ఏ పనైనా చేసుకోవచ్చు. గడువు తీరిన మర్నాడు ఏమవుతుందన్న బాపు ప్రశ్నకు చట్టం సూటిగానే సమాధానం చెప్పింది: గడువు తీరకముందే తరువాతి అనుమతికి దరఖాస్తు చేసినవాడి పాత అనుమతి, నిర్ణయం వెలువడేదాకా కొనసాగుతున్నట్టే భావించబడుతుంది, దానికి సాక్ష్యంగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే ధ్రువపత్రం ఇస్తారు. కాబట్టి బేడీలు రావు. రావలసినది అపాయింట్‌మెంటు, దానికి మాత్రం నిజంగానే నిద్ర చెడగొట్టుకోవచ్చు. ఆహెన్ బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలు రెండింటికీ ఆనుకొని ఉన్నది; 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టినందున, పొరుగు దేశానికి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో ఉంటున్నాయని అమ్మకు ప్రత్యేకంగా తెలియజేయడమైనది.

ఆదిలాబాద్ బావ ప్రస్తావించిన పాయింట్ల కార్డు వేరే జాతికి చెందినది. చాన్సెన్‌కార్టె అనే ఆ అనుమతి 2024 జూన్ 1న మొదలైంది. ఉద్యోగం చేతిలో లేకపోయినా ఏడాది పాటు ఇక్కడ ఉండి వెతుక్కోవడానికి, ఈలోగా వారానికి 20 గంటలు పని చేసుకోవడానికి వీలు కల్పిస్తుంది. దానికి కావలసినవి కనీసం 6 పాయింట్లు: బావకు 35 దాటలేదు గనుక 2, గత ఏడేళ్ళలో ఐదేళ్ళు తన చదువుకు తగిన పనే చేశాడు గనుక 3, ఇంగ్లీషు సి1 స్థాయిలో ఉన్నట్టు పరీక్ష రాసి నిరూపించుకుంటే 1. లెక్క సరిగ్గా సరిపోయింది, పుట్టినరోజులు మాత్రం బావకు వ్యతిరేకంగా పనిచేస్తున్నాయి. ఆయన పట్టా జర్మన్ పట్టాతో సమానమని తేలితే ఈ లెక్క మొత్తం అనవసరమని తెలిశాక ఆయన ముఖం ఎలా ఉంటుందో మేనత్త గమనించి రాయగలదు. భార్యాభర్తలిద్దరూ అర్హులై కలిసి దరఖాస్తు చేస్తే ఒక పాయింటు అదనంగా వస్తుందన్న నిబంధనను మేనత్త సంబంధాలు చూసేటప్పుడు వాడుకున్నా అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఉద్యోగం ఖాయమైంది గనుక కుమారుడు 18బి, బ్లూ కార్డు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. బ్లూ కార్డుకు 2025లో సాధారణంగా సంవత్సరానికి 48,300 యూరోల జీతం ఉండవలసి ఉండేది. కొరత ఉన్న వృత్తులవారికి, పట్టా వచ్చి మూడేళ్ళు దాటని కొత్తవారికి 43,759 యూరోల 80 సెంట్లు సరిపోయేవి. ఆ 80 సెంట్లను కూడా రాసిపెట్టుకున్న ప్రభుత్వంతో వ్యవహారమని బాపు గ్రహించాలి. అర్హత రెండింటికీ ఉన్నది. స్థిరనివాసానికి బ్లూ కార్డు మీద 27 నెలలు పడుతుంది, జర్మన్ భాష బి1 స్థాయికి వస్తే 21 నెలలే. ఇక్కడే చదివి 18బి మీద ఉన్నవారికి 24 నెలలు. ఈ మూడు నెలల తేడా కోసం ఇక్కడి స్నేహితులు తెల్లవార్లూ వాదించుకుంటారు గాని, నిజం చెప్పాలంటే అది వాదించదగ్గ తేడా కాదు.

వాదించదగ్గది వేరొకటి ఉన్నది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు నివాస అనుమతి ఉన్నవాడు దేశం విడిచి ఆరు నెలల్లోగా తిరిగి రాకపోతే ఆ అనుమతి దానంతటదే రద్దవుతుంది. బ్లూ కార్డు ఉన్నవాడికి ఆ గడువు పన్నెండు నెలలు. ఉద్యోగి ఏడాది పాటు ఇంటికి పోతే ఉద్యోగం ఉంటుందా అనేది వేరే ప్రశ్న, దానికి సమాధానం కూడా తెలిసిందే: వారానికి ఐదు రోజులు పనిచేసేవాడికి చట్టం ఇచ్చే కనీస సెలవు ఏడాదికి 20 రోజులు. అయినా బ్లూ కార్డు ఎంపిక ఈ ఒక్క నిబంధన మీదనే జరిగింది. బాపుకు ఛాతీలో నొప్పి వచ్చిన సంగతి, చంద్రాపూర్ ఆసుపత్రిలో చేర్చిన సంగతి, అంతా అయి ఇంటికి వచ్చి భోంచేశాక గాని కుమారుడికి తెలియజేయలేదు. పరాయి దేశంలో ఉన్నవాణ్ణి కంగారు పెట్టడమెందుకన్నది ఇంట్లో అందరి అభిప్రాయం. పోలీసులు వస్తారేమోనని కుమారుడి కోసం ఆవర్‌పూర్‌లో మేలుకుంటున్నవారు, ఫోను రాని ఆదివారాల్లో ఆహెన్‌లో ఒకరు మేలుకోవడాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం న్యాయం కాదు. పన్నెండు నెలల గడువు ఎప్పటికీ అవసరపడకూడదని అమ్మ మహాకాళికి మొక్కుకోవచ్చు. మొక్కు ఉన్నా గడువు ఉండటం మేలు.

పౌరసత్వం గురించి కూడా ఒక మాట. 2024 జూన్ 27 నుంచి జర్మనీ ఐదేళ్ళ నివాసం తరువాత పౌరసత్వం ఇస్తున్నది, పాతదాన్ని వదులుకోమని అడగడం కూడా మానేసింది. కాని భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు గనుక పరందోలి పద్ధతి ఇక్కడ చెల్లదు.

చివరగా తల్లిదండ్రులకు సంబంధించినది. 2024 మార్చి 1న గాని ఆ తరువాత గాని మొదటిసారి నిపుణ ఉద్యోగిగా అనుమతి పొందినవారు తమ తల్లిదండ్రులను తీసుకొచ్చి ఉంచుకోవడానికి చట్టం అవకాశం ఇచ్చింది. అంతకుముందే అలాంటి అనుమతి పొందిన సీనియర్లకు ఆ అవకాశం లేదు. అయితే వారి పోషణ, ఆరోగ్య బీమా పూర్తిగా పిల్లల బాధ్యత. ఉద్యోగి భార్యాపిల్లలను ఉచితంగా చేర్చుకునే ప్రభుత్వ బీమా తల్లిదండ్రులను చేర్చుకోదు, ప్రైవేటు బీమా సంస్థ అరవై దాటిన గుండెను చూసి చెప్పే ధర వింటే ఆ గుండెకు మంచిది కాదు. బాపు కాలనీ వదిలి రారని, తులసికోటకు నీళ్ళెవరు పోస్తారని అమ్మ అడుగుతుందని తెలిసినా, దరఖాస్తు పెట్టే హక్కు ఉండటం వేరు, లేకపోవడం వేరు.

ఆ రోజు వస్తే బంధుత్వం నిరూపించాలి. కుమారుడి జనన పత్రంలో మహారాష్ట్ర పద్ధతిలో బాపు పేరు, తాత పేరు, చివర ఇంటిపేరు ఉన్నాయి. బాపు పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకు వచ్చింది, తాత పేరు మాయమైంది, చివర ఒక రావు చేరాడు. జర్మన్ అధికారి దృష్టిలో వీరు ఇద్దరు మనుషులు. అందువల్ల బాపు వీలుచూసుకొని రాజురాలో వకీలు చేత రెండు పేర్లూ ఒకరివేనన్న అఫిడవిట్ రాయించి ఉంచాలి; మరాఠీ పత్రాలను ప్రమాణం చేసిన అనువాదకుల చేత జర్మన్‌లోకి మార్పించే పని కుమారుడు ఇక్కడ చూసుకుంటాడు. పెద్దబాపు బీరువాలో ఉన్న అసలు జనన పత్రాన్ని మాత్రం, ఆయన అభిరుచి ఎలా ఉన్నా, లామినేషన్ చేయించవద్దని మనవి.

ఇట్లు
రెండో కుమారుడు