నేను పెళ్లి ఆల్బమ్ కమానుని

పెళ్లి ఆల్బమ్ తిప్పుతుంటే పెళ్లికూతురి చుట్టూ వంపులు వంపులుగా బంగారు అంచు కనిపిస్తుందే, అది నేనే. చెక్కా కాదు, అట్టా కాదు. ఫొటోషాప్‌లో పుట్టిన ఫైలుని. నన్ను చేసిన డిజైనర్ సగమే గీశాడు. పెన్ టూల్‌తో ఎడమవైపు వంపులు తిప్పి, దాన్నే కాపీ చేసి, ఫ్లిప్ కొట్టి కుడివైపు చేర్చాడు. అందుకే నా రెండు భుజాలకూ వెంట్రుకవాసి తేడా ఉండదు.

మా వంశం పాతదే. డార్క్‌రూముల కాలంలో అట్టముక్కకు కోడిగుడ్డు ఆకారంలో కన్నం కోసి, ఎన్‌లార్జర్ వెలుగులో మెల్లగా కదిలిస్తుంటే ముఖం చుట్టూ అంచు తెల్లగా కరిగిపోయేది. ఇప్పుడా పనికి ఫెదర్ అని పేరు. ఒక అంకె కొడితే అయిపోతుంది. ఫొటోషాప్ 1990లో వచ్చినా, అందులోకి లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. అంతకుముందు ఒక బొమ్మ మీద ఇంకోటి అతికించి వదిలేస్తే మళ్లీ విడదీసే వీలు లేదు. నాలాంటివాళ్లకు బతుకునిచ్చింది ఆ లేయర్లే.

నా గొప్పంతా మాస్క్‌లో ఉంది. అది ఫొటోను కోయదు. తెలుపున్నచోట చూపిస్తుంది, నలుపున్నచోట దాస్తుంది, బూడిదరంగున్నచోట పలచగా కనిపించనిస్తుంది. నా అంచు దాటి నిలబడ్డవాళ్లు చెరిగిపోయినట్టు కాదు. నల్లరంగు చాటున ఉన్నట్టు. తెల్ల బ్రష్‌తో ఒక్కసారి రాస్తే మళ్లీ వచ్చేస్తారు.

పనితనం తెలిసినవాడి చేతిలో నేను వెలిగిపోయాను. పన్నెండు బై ముప్ఫై ఆరు అంగుళాల షీటు, 300 రిజల్యూషన్‌లో 10,800 బై 3,600 పిక్సెళ్లు. దాని నడిమధ్య మడత పడుతుంది. ఆ మడత మీదికి ఎవరి ముఖమూ రాకుండా అతను నన్ను పక్కకు జరిపేవాడు. జీలకర్ర-బెల్లం ఫొటో అయితే, తలల మీద పెట్టిన చేతులకు నా శిఖరం తగలకుండా ఇంకాస్త పైకెత్తేవాడు. ముందు ఫొటో, తర్వాతే నేను.

ఆ తర్వాత వచ్చినవాడికి తొందర. నిలువు కమానులో అడ్డం ఫొటో పట్టించాలని ముఖాలను సాగదీశాడు. పాత వెర్షన్లలో షిఫ్ట్ పట్టుకుని మూల లాగితే ఫొటో నిష్పత్తి చెడేది కాదు. 2018 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి అది తిరగబడింది. షిఫ్ట్ పట్టుకుంటేనే చెడుతుంది. చేతికి పాత అలవాటు, కళ్లకు చూసే ఓపిక లేదు. నా నడుమ ఎందరు పెళ్లికొడుకులు బుగ్గలు పీక్కుపోయి అచ్చయ్యారో!

అదైనా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. అచ్చు వేసే ల్యాబ్‌కు జేపెగ్ పంపాలి, తప్పదు. కానీ జేపెగ్‌లో లేయర్లు నిలవవు, అన్నీ కలిసి ఒకే పొర అయిపోతాయి. అందుకే లేయర్లు విడివిడిగా ఉండే పీఎస్‌డీ ఫైలును కూడా దాచుకోవాలి. ఆ కుర్రాడు హార్డ్‌డిస్క్ నిండిందని ఒక పెళ్లి పీఎస్‌డీలన్నీ తీసేశాడు. కెమెరా కార్డు అప్పటికే ఇంకో పెళ్లికి ఫార్మాట్ అయిపోయింది. ఖాళీ కమానుగా నేను టెంప్లేట్ల ఫోల్డర్‌లో మిగిలాను.

కొన్నేళ్లకు ఆ పెళ్లివారింటి అబ్బాయి ఆల్బమ్ పట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

"అన్నా, మా నానమ్మ పోయింది. పెద్దకర్మకు ఫొటో కావాలి. ఈ ఫొటోలో పక్కనే నిలబడింది, ఫ్రేమ్ అడ్డం వచ్చింది. అది తీస్తే కనిపిస్తుందేమో చూడవా?"

"ఆల్బమ్ ఇచ్చేశాక ఫైళ్లు ఉంచం తమ్ముడూ."

షీట్లో మిగిలింది ఆమె కుడిచెయ్యి, రెండు గాజులు, అక్షింతల పళ్లెం అంచు. మిగతా మనిషంతా నా కుడి స్తంభం వెనక ఉండేది. ఆకుపచ్చ పట్టుచీర, ఎవరినో చూసి నవ్వుతున్న ముఖం. ఆ పీఎస్‌డీ ఉంటే, షిఫ్ట్ పట్టుకుని మాస్క్ మీద ఒక్క క్లిక్ కొడితే ఆమె బయటికొచ్చేది.

చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోను స్కాన్ చేసి పెద్దది చేశారు. కళ్లూ ముక్కూ గళ్లుగళ్లుగా విడిపోయాయి. బోసిగా ఉందని చుట్టూ ఒక ఫ్రేమ్ పెట్టమన్నాడు అబ్బాయి. కుర్రాడు ఫోల్డర్ తెరిచి నన్నే తీశాడు.