సెవిల్‌లో మా గిత్త

నాకున్న జబ్బుల్లో పెద్దది, పరాయి ఊళ్లో నోరు లేవడం. ఒంగోల్లో ఉన్నన్నాళ్లూ అద్దంకి బస్టాండు దగ్గర ఆటోవాడు పది రూపాయలు ఎక్కువడిగినా కిక్కురుమనను. విమానం దిగానంటే మాత్రం సాక్షాత్తూ ప్రకాశం పంతులుగారే నాకు వకాల్తా ఇచ్చి పంపినంత ధీమా వచ్చేస్తుంది.

మావాడు స్పెయిన్ దక్షిణాన ఉన్న సెవిల్ తీసుకెళ్లాడు. హిరాల్దా గోపురం ఎక్కాను. ఒకప్పుడు మసీదు మీనారు అది. మెట్లకు బదులు వాలుదారి ఉంటుంది, అజా ఇచ్చేవాడు గుర్రం మీదే పైకెళ్లడానికట. కింద చర్చిలో కొలంబస్ సమాధి చూశాను, అల్కాసర్ కోటలో పింగాణీ పలకల గోడలు చూశాను. అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను.

తర్వాత మాయెస్ట్రాన్సా. అది ఎద్దుల పోరాటం జరిగే రంగస్థలం. 1761లో కట్టడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి వందేళ్లు దాటింది. నడుమ పసుపుపచ్చని ఇసుక. సాయంత్రానికి ముగ్గురు మటడోర్లు, ఆరు ఎద్దులు. ఆరూ మామూలుగా అక్కడే చస్తాయి, తర్వాత మాంసం అమ్ముతారు. ఎద్దుతోక కూర ఆ ఊరి హోటళ్లలో పేరున్న వంటకం. గైడు పిల్ల ఇదంతా నెమ్మదిగా చెబుతుంటే నా నోరు లేచింది.

"మా ఊళ్లో ఎద్దును చంపం, పూజిస్తాం" అన్నాను. తెల్లటి ఒళ్లు, మోపురం, వేలాడే గంగడోలు, అన్నీ చేతులు తిప్పుతూ వర్ణించాను. తిరునాళ్లలో బండలాగుడు పోటీల గురించి చెప్పాను. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరువేరుగా కడతారనీ, ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలుస్తారనీ చెప్పాను. చర్నాకోల ఊసు ఎత్తలేదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్ల పందేలనూ ఆపమన్నప్పుడు కోర్టును అందరికంటే గట్టిగా తిట్టింది నేనే. అప్పటికే మా ఇంట్లో ఎడ్లు లేవు.

అంతటితో ఆగినా బాగుండేది. బ్రెజిల్ ఎత్తుకున్నాను. అక్కడి నెలోరే పశువులు మా జాతే, 1960ల మొదట్లో మా పక్క ఊరు కరవది నుంచి వెళ్లిన గిత్తకు అక్కడ ఆ ఊరి పేరే ఉంచి నెత్తిన పెట్టుకున్నారు అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "నెలోరేని పెంచేది మాంసానికే కదండీ?" అంది. నిజమే. ఆ దేశపు గొడ్డుమాంసంలో సింహభాగం దానిదే.

"మరి మీ ఎడ్లు ముసలివైతే ఏం చేస్తారు?"

"చచ్చేదాకా ఇంట్లోనే మేపుకుంటాం" అన్నాను. అన్నాక నాకే కళ్లు చెమర్చాయి. మావాడు పక్కనుంచి మెల్లగా తెలుగులో, "నాన్నా, వసారాలో పలుపులు" అన్నాడు.

వాడి నానమ్మ చెప్పి ఉంటుంది. మా ఆఖరి జతను సంతలో అమ్మించింది నేను. బేరగాడు కండువా కప్పి, దాని కింద నాయన వేళ్లు పట్టుకున్నాడు. రెండు వేళ్లు నొక్కాడో మూడు నొక్కాడో పైకి తెలియదు. నాయన మాటిమాటికీ చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు. "ఇచ్చెయ్ నాయనా, టైమవుతోంది" అన్నాను. నాకు స్కూటరు కావాలి. వలపటిది అప్పటికే కుంటుతోంది. కుంటెద్దును కొన్న లారీ ఎటు పోతుందో తెలియనంత పసివాణ్ణేం కాదు. నాయన పలుపులు మాత్రం విప్పుకుని తెచ్చుకున్నాడు. స్కూటరుకు కిక్కు కొట్టినప్పుడల్లా ఆయన లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

గైడు పిల్ల మంచిది, మాట మార్చింది. ఈస్టరు ముందు వారం ఆ ఊళ్లో ఒక్కో సంఘంవాళ్లు తమ తమ విగ్రహాలను ఊరేగిస్తారట. తెరల చాటున, పీఠం కింద మనుషులు దూరి మెడల మీద మోస్తారట. "మీ ఊళ్లో ఇలాంటివున్నాయా?" అనడిగింది. లేవన్నాను. దసరాకు మా ఒంగోల్లో కళారాలు బయల్దేరతాయి. కాళికాదేవివి, నరసింహస్వామివి అంతంత ముఖాలు, డప్పులు, అర్ధరాత్రి దాకా ఆట. ఆ రాత్రి నేను కిటికీలు బిగించి చెవుల్లో దూది పెట్టుకుంటాను. అందుకే నోటికి రాలేదు కాబోలు.

పోతూ పోతూ, మీ ఎడ్ల ఫోటో పంపమని ఈమెయిలు రాసిచ్చింది. ఇంటికొచ్చాక ఎవరివో పోటీల గిత్తల ఫోటో నెట్‌లో వెతికి పంపాను. ఎంత అందంగా ఉన్నాయో, వీటి పేర్లేమిటి అని జవాబొచ్చింది. మేం మావాటిని వలపటిది, దాపటిది అనేవాళ్లం, అంతే.

రాముడు, లక్ష్మణుడు అని రాశాను.