మిక్సీ వాషరుకు గిఫ్టు ప్యాకింగు

డిసెంబరు జీతం 31న పడుతుంది. క్రిస్మస్ మాత్రం 25నే వచ్చేస్తుంది. మా ఇంటి ఆర్థిక సమస్య అంతా ఈ ఆరు రోజుల్లోనే ఉంది. నవంబరు జీతం అప్పటికే ఇంటి సున్నానికి, పిల్లల బట్టలకు, టైలరుకు, స్టారుకు, స్టారులో బల్బుకు, గుడికి రాసిన చందాకు, పండగపూట వేటమాంసానికి పంచేసి ఉంటుంది. చిట్టచివర, చీటీ అడుగున, ‘గిఫ్టులు’ అని ఒక మాట మిగులుతుంది. దాని ఎదురుగా అంకె వెయ్యమంటే మా ఆయన పెన్ను మూత కూడా తియ్యరు.

మాది గుంటూరు. లూథరన్ మిషనరీ హేయర్ గారు మా ఊళ్లో అడుగుపెట్టింది 1842లో. డబ్బుకు కటకట అంతకు ముందునుంచే ఉంది కాబట్టి ఆ నింద మిషను వాళ్ల మీద వెయ్యలేం.

అసలు ఈ కానుకల గొడవ మొదలుపెట్టింది తూర్పు దేశపు జ్ఞానులు. వాళ్లు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం. మూడింటిలో ఇప్పుడు మనబోటివాళ్లు కొనగలిగింది సాంబ్రాణి ఒక్కటే. అన్నట్టు, జ్ఞానులు ముగ్గురని మత్తయి సువార్తలో ఎక్కడా లేదు. కానుకలు మూడు గనక మనుషులూ ముగ్గురే అయి ఉంటారని తర్వాతివాళ్లు లెక్క కట్టారు. ఈ లెక్క మా చుట్టాల దగ్గర పారదు. మావాళ్లు ఎనిమిది మంది కలిసి ఒక కుక్కరు ఇస్తారు. అట్టపెట్టె మీద ఎనిమిది పేర్లూ ఉంటాయి, ఎవరు ఎంత వేశారన్నది మాత్రం సంక్రాంతి దాకా తేలదు.

క్రిస్మస్ తాత కథ మనకు ఇంకా దగ్గర. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్నానికి నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. ఒక పేదవాడికి ముగ్గురు ఆడపిల్లలు, కట్నాలిచ్చే తాహతు లేదు. ఈయన రాత్రిపూట కిటికీలోంచి బంగారు నాణేల మూటలు విసిరి వెళ్లిపోయాడని కథ. అంటే క్రిస్మస్ తాత ఇచ్చిన పేరుపడ్డ మొదటి గిఫ్టు వరకట్నం! ఈ సంగతి ఇంట్లో చెబితే మా మామయ్యగారు “మంచి పద్ధతే” అన్నారు. మా అమ్మాయి లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయింది. నాకు నచ్చింది మూట కాదు, పేరు చెప్పకుండా పోవడం. మావాళ్లయితే మూట మీద పేరు కొట్టించి మరీ విసిరేవాళ్లు.

పేరు కొట్టించడం మనవాళ్ల వ్యసనం. స్టీలు సామాన్ల కొట్లో గిన్నె కొనగానే, కొట్టతను చిన్న మిషను తీసి “ఏం పేరండీ?” అంటాడు. చెప్పేది పుచ్చుకునేవాళ్ల పేరు కాదు, ఇచ్చేవాళ్లది. పెళ్లయిన నాటినుంచీ నేను అన్నం తినే కంచం నిండా మా చినత్తగారి పేరే, ఇంటిపేరుతో సహా. కూర అయిపోయినకొద్దీ ఆవిడ బయటపడుతుంటారు. గుళ్లో ఫ్యాన్లదీ అదే కథ. రెక్కల మీద దాత పేరుంటుంది, కరెంటు పోతే గానీ ఎవరిచ్చారో తెలియదు.

అయితే పేరుంటే ఒక లాభం ఉంది. ఆ వస్తువును ఇంకొకరికి అంటగట్టలేం. పేరు లేని వస్తువుకు స్థిరనివాసం ఉండదు. గోడగడియారాలు, ఆరు కప్పుల సెట్లు, ఫొటో ఫ్రేములు ప్యాకింగు విప్పకుండానే ఒక బీరువా మీంచి దిగి ఇంకో బీరువా ఎక్కుతుంటాయి. మా ఊరు దాటి ఏనాడూ పోనివాళ్లున్నారు గానీ అలాంటి గడియారం లేదు.

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త పండగ గిఫ్టుల మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. గిఫ్టు విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా మధ్యలోనే ఆవిరైపోతుందని తేల్చాడు. మనం పెట్టిన ధరకు, పుచ్చుకున్నవాళ్ల దృష్టిలో దాని ధరకు అంత తేడా అన్నమాట. స్నేహితులు, మనసిచ్చినవాళ్లు ఇచ్చినవాటిలో నష్టం తక్కువట. దూరపు బంధువులు డబ్బు కాకుండా వస్తువులిస్తే మూడో వంతు గల్లంతట. ఆయన మా చినత్తగారిని చూడకుండానే ఇంత కచ్చితంగా ఎలా రాయగలిగాడో తెలియదు.

ఆయన లెక్కలోకి రాని నష్టం ఒకటి మా దగ్గరుంది. షర్టు బిట్టు. క్రిస్మస్‌కు పాస్టరుగారికి సంఘమంతా బట్టలు పెడుతుంది. బట్టలంటే ప్యాంటు, షర్టు బిట్లే. ఇప్పుడు చాలా బిట్లకు బట్ట ధర కంటే కుట్టుకూలి ఎక్కువ. అంటే మనం ఆయనకు ఇస్తున్నది గిఫ్టు కాదు, ఖర్చు. పైగా డిసెంబరు పది దాటితే టైలరు కొత్త బట్ట ముట్టుకోడు. 25న ఇచ్చిన బిట్టు వచ్చే పండక్కి గానీ చొక్కా కాదు. ఒకసారి పాస్టరమ్మగారు బీరువా తీసినప్పుడు చూశాను, బట్టల కొట్లో కూడా అన్ని తానులు ఉండవు. అందుకని నవంబరులో ఆ బిట్లలోంచి రెండు అడిగి తీసుకుని, పాత చొక్కా ఒకటి ఆదికి పట్టుకెళ్లి కుట్టించి ఇచ్చాం. పాస్టరుగారు ప్రసంగానికి కొత్త చొక్కాతో లేచారు. బట్ట ఇచ్చింది ఎవరో మాకు తెలుసు, వాళ్లు గుర్తుపట్టలేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. నవంబరంతా చుట్టాల ఇళ్లకు వెళ్లి దొంగచూపులు చూస్తాను. ఏది కారుతోంది, ఏది ఊడింది, ఏది తాడుతో కట్టి ఉంది. చుట్టపుచూపు అనే మాటకు ఇన్నాళ్లకు నేనే న్యాయం చేస్తున్నాను.

మా ఆడపడుచు ఇంట్లో మిక్సీ జారు మూతకు వాషరు వదులైపోయింది. ఆవిడ ఒక చేత్తో మూత మీద గుడ్డ అదిమి, మొహం పక్కకు తిప్పుకుని చట్నీ తిప్పుతుంది. గోడ మీద కొబ్బరి చట్నీ మరకలు, వాటి పైన అల్లం చట్నీ మరకలు. ఆవిడ కాఫీ గ్లాసులు ఇవతలికి తెచ్చేలోపు మూత చుట్టూ నా కొంగు అంచు చుట్టి కొలత చూసి ముడేసుకున్నాను. కొట్టతనికి ఆ ముడి చూపిస్తే ఏమీ ఆశ్చర్యపోకుండా వాషరు తీసిచ్చాడు, 30 రూపాయలు. పట్నం బజారులో కొన్న రంగుకాగితం, రిబ్బను కలిపి దానికంటే ఎక్కువే అయ్యాయి.

పండగనాడు మా ఆడపడుచు అందరి ముందూ విప్పింది. రబ్బరు చుట్టను వేలికి తగిలించుకుని తిప్పి చూసింది.

“ఇదేంటి వదినా?”

“మిక్సీ వాషరమ్మా.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన కేకు కోయడం మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫోను. “వదినా, గోడ కడిగేశాను!” అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ నికొలస్ గారు బంగారం విసిరినప్పుడు కూడా ఆ పిల్లలు ఇంతకంటే ఎక్కువ సంతోషపడ్డారని నేననుకోను.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకమే లోకం. కానీ చూపు తగ్గింది. గుళ్లో పాస్టరుగారు నంబరు చెబుతారు, ఈవిడ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పేజీ పట్టుకునేసరికి రెండో చరణం అయిపోతుంది. అందుకని ఒక పొడుగు నోటుబుక్కు, ఒక నల్ల స్కెచ్ పెన్ను కొని, ఆవిడ ఎక్కువగా పాడుకునే కీర్తనలు పేజీకి ఆరేసి లైన్ల చొప్పున, గింజలంత లావు అక్షరాలతో రాయించాం. రాసింది మా అమ్మాయి. నంబర్లు ఎర్రరంగులో, బస్సు బోర్డు సైజులో.

అత్తయ్యగారు కళ్లజోడు లేకుండానే చదివారు. కళ్లు తుడుచుకుంటారేమో అని నేను ఎదురుచూస్తున్నాను.

“నాలుగో చరణం ఏదమ్మా?”

“గుళ్లో మూడు చరణాలే కదా అత్తయ్యా పాడేది?”

“గుళ్లో పాడేది గుడికి. ఇంట్లో పాడుకునేది నాకు.”

మా అమ్మాయి మిగిలిన చరణాలన్నీ రాయడానికి ఇంకో నోటుబుక్కు పట్టింది. అత్తయ్యగారు రెండూ చంకన పెట్టుకుని వెళ్లి, గుళ్లో ముందు బల్ల మీద కూర్చునే పెద్దవాళ్లందరికీ చూపించారు. ఆ వయసులో వాళ్లకు పక్కవాళ్ల గిఫ్టు నచ్చితే దాచుకోరు, అడిగేస్తారు. ఇప్పుడు వచ్చే క్రిస్మస్‌కు ఆ బల్ల మొత్తం మాకు ఆర్డరిచ్చింది. ఒకరికి తాటికాయంత అక్షరాలు కావాలి, ఒకరికి కీర్తనల మధ్య ఆవిడ సొంతంగా కట్టిన పాట కూడా చేర్చాలి. మా అమ్మాయికేమో మార్చిలో పరీక్షలు.

కాబట్టి గుంటూరులో చేతిరాత గుండ్రంగా ఉండి, సెలవుల్లో ఖాళీగా ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి కబురు చెయ్యండి. నోటుబుక్కులు, పెన్నులు మావే. కూలి మాత్రం అరిసెల్లో ఇస్తాం. చరణాలు ఒక్కటి కూడా వదలకూడదు.