బుల్లెట్టు క్రాంకు ఆత్మకథ

బండిని చూచినవారు ముందుగా ట్యాంకుపై చేతితో గీసిన బంగారు గీతను మెచ్చుకొందురు. పిదప సైలెన్సరు చప్పుడును పొగడుదురు. ఆ చప్పుడునకు ఊతమైన నన్ను మాత్రము చూచినవారు అరుదు. చూడవలసి వచ్చెననగా ఇంజనునకు కాలము మూడెననియే యర్థము. నేను క్రాంకును. రెండు బరువైన ఫ్లైవీళ్లు, వాని నడుమ ఒక పిన్ను, ఆ పిన్నును పట్టుకొని యాడు కనెక్టింగు రాడ్డు, ఇరుప్రక్కల పొడుచుకొని వచ్చిన ఇరుసులు: ఇంతియే నా దేహము. ఒకే ముక్కగాక, కూర్చి బిగించి చేయబడినవాడను గనుక విప్పుటకును, మరల కూర్చుటకును, ఆ రెంటి నడుమ పాడుచేయుటకును గూడ మిక్కిలి అనువైనవాడను.

నా పుట్టిల్లు మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డువారు మద్రాసు మోటార్సుతో కలసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పగా, మొదట సీమనుండి వచ్చిన భాగములను కూర్చుచుండిన ఆ కర్మాగారము కొలదికాలములోనే భాగములను తానే చేయనేర్చి, సీమలోని మాతృసంస్థ మూతపడిన పిమ్మటను బుల్లెట్టును బ్రతికించినది. మా ఇంజను సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. కావున నా పిన్ను నా కేంద్రమునకు సరిగా 45 మిల్లీమీటర్ల యెడములో నుండును. ఆ యెడమే నా బ్రతుకు, నా బాధయు.

కొత్తపేట కొబ్బరి వ్యాపారి యొకరు నన్ను ఏలుకొనిరి. అంబాజీపేట సంతకు పోవుటయు, ముక్తేశ్వరము రేవున బండిని బల్లపైనుండి పంటు మీదికి ఎక్కించుకొని గౌతమిని దాటి కోటిపల్లి చేరుటయు నా నిత్యకృత్యములు. 1996 నవంబరు 6 నాటి తుపానులో పాక కూలి, బండిపై కొబ్బరిచెట్టు పడి, ఇంజనులోనికి నీరు చొచ్చినది. ఆ యేడు కోనసీమలో చెట్లనే లెక్కించుకొనలేకపోయినవారికి బండి గొడవ యెట్లు పట్టును? నూనెపొరపై తేలుచు తిరుగవలసిన నా పెద్ద బుష్షు పిన్నునకు తుప్పుతో అంటుకొనిపోయినది.

పిదప ఒక పట్టణపు షెడ్డులో నన్ను విప్పి, క్రొత్త పిన్నును సమ్మెటతో దిగగొట్టి, కొలత చూడకయే బిగించి పంపిరి. పది మైళ్లకే ఫుట్‌రెస్టులమీద పాదములు తిమ్మిరెక్కుచుండగా వ్యాపారి విసిగి, నన్ను గోనెసంచిలో చుట్టి అటకయెక్కించెను. అచ్చట ఎలుకలతో గడపిన కాలమును గూర్చి చెప్పదగినదేమియు లేదు.

వ్యాపారి కుమారుడు ఉద్యోగ విరమణానంతరము నన్ను దించెను. ఆయన కార్ఖానా ఇంటి వెనుక వసారా. లారీ జాకీతో స్వయముగా చేసికొన్న ప్రెస్సు, రెండు వీ బ్లాకులు, ఒక డయల్ గేజు, ఒక రాగి సుత్తి ఆయన ఆస్తి. పిన్నును, బుష్షును మార్చి, నూనెత్రోవలోని మడ్డిని పురికొసతో శుభ్రపరచి, నన్ను కూర్చి, బ్లాకులపై నుంచి నెమ్మదిగా త్రిప్పుచు, ఇరుసు ఎచ్చట ఎగయుచున్నదో గేజు ముల్లును బట్టి కనుగొని, అచ్చట సుద్దతో గుర్తిడి, ఫ్లైవీలు అంచుపై రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేసి, మరల త్రిప్పి చూచుచు మూడు సాయంకాలములు గడపెను. అంగుళములో వెయ్యవవంతును లేతుపనివారు తౌ అందురు. ఆయన తగవంతయు రెండు తౌల గూర్చియే.

కాఫీ తెచ్చిన ఇల్లాలు, "ఏవండీ, పెళ్లిచూపుల్లో నన్నైనా ఇంతసేపు చూశారా?" యనెను. "నీలో తేడా ఏం కనబళ్లేదే. దీన్లో ఇంకా రెండు తౌలుంది" అని ఆయన తల యెత్తకయే బదులు పలికెను.

అసలు పరీక్ష తరువాతిది. నేను నిమిషమునకు 4000 చుట్లు తిరిగితినేని పిస్టను 8000 మార్లు ఆగి వెనుదిరుగును. వెనుదిరిగినపుడెల్ల ఒక కుదుపు. దాని నణచుటకై పిన్నునకు ఎదుటివైపున నాలో అధికపు బరువుంచుదురు. కావడిలో ముందు బుట్టకు సరిగా వెనుక బుట్టలో కాయలు నింపుట వంటిదే కదా యని తోచును. కాని పిస్టను బుట్ట నిలువున మాత్రమే ఊగును, నా యెదురుబరువు గుండ్రముగా తిరుగును. పిస్టను బరువునంతను సరిదూచితిమా, పైక్రిందుల కుదుపు పోయి ముందువెనుకల కుదుపు పుట్టును. ఒంటి సిలిండరు ఇంజనులో క్రాంకు బరువొక్కదానితో కుదుపును పోగొట్టుట బ్రహ్మతరము గాదు. దానిని ఏ దిక్కునకు ఎంత పంపవలయునో నిర్ణయించుటయే పనితనము. ఇది తెలియక, నన్ను బొత్తిగా కదలనీయకుండ చేసెదమని ప్రగల్భములు పలుకువారిని నేను నమ్మను.

ఆయన సరిదూచుటకు నూటికి 60 పాళ్లు ఎంచుకొనెను. పిస్టను, రింగులు, పిస్టన్ పిన్ను, రాడ్డు చిన్న చివర, వీనిని మిఠాయికొట్టు ఎలక్ట్రానిక్ కాటాపై గ్రాములతో సహా తూచి, ఆ మొత్తములో 60 పాళ్లు కట్టి, రాడ్డుతో ఎటులను వ్రేలాడు చిన్న చివర బరువును అందుండి తీసివేసి, మిగిలినదానికి సరిపడ విసురువల సీసపు గుండ్లను రాడ్డు కొసకు కట్టెను. రసమట్టముతో సమము చేసిన రెండు ఉక్కు పట్టాలపై నా ఇరుసుల నుంచెను. గాలికి గుండ్లు ఊగునని ఫ్యాను ఆపించెను; కాలువగట్టు దోమలు ఆయన నెంత పీడించెనో నేనెరుగుదును. దొర్లిన ప్రతిమారును నా యెదురుబరువు వైపే క్రిందికి దిగుచుండగా, క్రొత్త పిస్టను పాతదానికంటె తేలికయని గ్రహించి, అచ్చట బెజ్జము వేసి, దొర్లించి, మరల వేసి, మూడవ బెజ్జముతో నన్ను ఎట్లుంచిన అట్లు నిలుచువానిగా జేసెను.

ఇప్పుడు ముక్తేశ్వరము దారిలో ఫుట్‌రెస్టులు నిమ్మళముగా నున్నవి. హ్యాండిలు కొంచెము వణకును. అది ఆయన తెలిసి యుంచినది. పిస్టను తూకము, రాడ్డు తూకము, బెజ్జముల లోతు పనిముట్ల పెట్టె మూత లోపల పెయింటుతో వ్రాయబడియున్నవి. ముందుముందు నన్ను విప్పబోవు అయ్యలారా, సుత్తి యెత్తుటకు ముందు ఆ మూత నొకసారి తెరచి చూడుడు.