ఆంపు కిట్టుకు టీకా తాత్పర్యం

మూలం: “కిట్టు తెప్పిచ్చుకుని ఆంపు మనమే కట్టుకుంటే సగానికి సగం మిగులుద్ది బాబాయ్, పాత వాల్వు సౌండే వేరు.”

అవతారిక. ఈ వాక్యకర్త పేరు తెలియదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య గిటారు సంచీ భుజాన వేసుకుని రైలెక్కే కుర్రవాళ్లలో ఎవరైనా కావచ్చు. కాలనిర్ణయం మాత్రం అంత కష్టం కాదు. జీతం పడిన వారంలో, రాత్రి భోజనాలయ్యాక, ఎక్కడో ఎవరో ఆంపు కడుతున్న వీడియో చూస్తుండగా పుట్టి ఉంటుంది. మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి పూచీ లేదు.

ఇక ప్రతిపదార్థం. అన్వయ సౌలభ్యం కోసం పదాల వరుస కొంత మార్చవలసి వచ్చింది. వ్యాఖ్యాతలకు ఇది అలవాటే.

‘ఆంపు’ అనగా గిటారు తీగ కింది పికప్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని స్పీకరు అట్ట ఊగేంతగా పెంచే పెట్టె. ‘పాత వాల్వు’ అన్న విశేషణం ఉంది కనుక ఇందులో ట్రాన్సిస్టర్లు ఉండవని గ్రహించాలి. మర్ఫీ, బుష్ రేడియోలు వాడిన ఇళ్లకు ఇది వివరించనక్కరలేదు. స్విచ్చి వేసి కాసేపు ఆగితే గానీ పాట వచ్చేది కాదు. వెనక అట్ట సందుల్లోంచి ఎర్రటి వెలుగు కనిపించేది. ఆ వెలిగే గాజు బుడ్డే వాల్వు.

మరి ఎంత పాత? కిట్టు వెతికేవారి చూపు ఎక్కువగా 1950ల ఫెండర్ మీద ఉంటుంది. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టినవాడు. తరవాత గిటార్లూ ఆంపులూ చేశాడు. ఆయన కంపెనీ ఆంపుల్లో అతి చిన్నది ఛాంప్. దాని 5ఎఫ్1 సర్క్యూట్లో ఉన్నవి మూడే వాల్వులు: 12ఏఎక్స్7 ఒకటి, 6వీ6 ఒకటి, కరెంటును డీసీ చేసే 5వై3 ఒకటి. బలం సుమారు 5 వాట్లు, స్పీకరు 8 అంగుళాలు. ఇంతకంటే తక్కువ సామానుతో వాల్వు ఆంపు కట్టడం కష్టం. అందుకే తొలి కిట్టుగా దీని పేరే వినిపిస్తుంది.

శంక: ఇంకొకరి సర్క్యూటు చూసి కట్టడం కాపీ కాదా? సమాధానం: లండన్లో డ్రమ్ములు అమ్ముకునే జిమ్ మార్షల్, 1960ల మొదట్లో తన దుకాణం మనుషులతో కలిసి ఫెండర్ బాస్‌మన్ సర్క్యూటు ఆధారంగానే జేటీఎం45 కట్టించాడు. మార్షల్ కంపెనీ పుట్టింది అలాగే. కాబట్టి ఇది గురుపరంపరలోని విషయమే. సిగ్గుపడనక్కరలేదు.

‘కిట్టు’ అనగా విడిభాగాలూ, పటమూ కలిపి పెట్టెలో పెట్టి, కట్టుకునే పని కొన్నవాడికి వదిలేసిన సరుకు. అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ 1947లో ఆసిలోస్కోపు కిట్టుతో ఈ వ్యాపారం మొదలుపెట్టి 1992 దాకా నడిపింది. మన వైపు ఆ పేరు ఎరగకపోయినా పని ఎరుగుదురు. ‘4440 బోర్డు’ అంటే తెలియని రేడియో షాపు ఉందా? ఎల్ఏ4440 ఐసీ ఉన్న చిన్న బోర్డు, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, వేడి లాగే అల్యూమినియం ముక్క, రేకు డబ్బా. సాయంత్రం కూర్చుంటే రాత్రికి పాట వస్తుంది. ఆటోల్లో, ట్రాక్టర్లలో, చవితి పందిళ్లలో మోగింది చాలావరకు ఇదే.

‘బాబాయ్’ సంబోధన. ఇక్కడ రక్తసంబంధం వెతకరాదు. ఊళ్లో మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయనో, టీవీ మెకానిక్కో అయి ఉంటాడు. ఈ నేల మీద ఆ వృత్తికి గౌరవం ఎక్కువ. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి నాటక రంగంలో స్త్రీ పాత్రలకు పేరుపడి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు వేషం కట్టిన తొలి రోజుల్లో గొంతే ఆంపు. మైకు తరవాత వచ్చింది. వాల్వు ఆంప్లిఫైయరూ, గొట్టం స్పీకర్లూ మోసుకుని నాటకాలకీ, పెళ్లిళ్లకీ, ఉజ్జీవ సభలకీ తిరిగిన మైకు సెట్ల వాళ్లే ఈ ప్రాంతపు తొలి ఆంపు పండితులు. వాళ్లలో వాల్వు బాగుచేసిన చెయ్యి ఇంకా ఎక్కడైనా ఉంటే, కిట్టు కొనే ముందు వెళ్లి కలవాల్సింది ఆయన్నే.

‘మనమే’. ప్రమాదం అంతా ఈ పదంలోనే ఉంది. 4440 బోర్డులో తిరిగేది 12 వోల్టులు. వేలు తగిలినా ఏమీ కాదు. 5ఎఫ్1 లోపల తిరిగేది దాదాపు 350 వోల్టుల డీసీ. స్విచ్చి ఆపినా, ప్లగ్గు పీకినా ఫిల్టరు కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉండవచ్చు. రెసిస్టరు ద్వారా దాన్ని దించి, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉన్నప్పుడు కొలవవలసి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలంటారు మెకానిక్కులు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది కనుక. ఎర్తు లేని రెండు పిన్నుల ప్లగ్గుతో వాల్వు ఆంపు నడపడాన్ని ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. పాత ఫెండర్లకు అలాగే ఉండేదన్న వాదం చెల్లదు. పాతదనం సౌండులో చాలు.

రెండో చిక్కు రంగులది. ఈ సర్క్యూట్లో 6వీ6 గ్రిడ్డు దగ్గర 220 కిలో ఓముల రెసిస్టరు ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ దారిలో 22 కిలో ఓములది ఉంటుంది. మొదటిది ఎరుపు, ఎరుపు, పసుపు. రెండోది ఎరుపు, ఎరుపు, నారింజ. పగలు తలుపు దగ్గర కూర్చుంటే తేడా తెలుస్తుంది. రాత్రి మంచి వెలుతురు లేని బల్బు కింద పసుపూ నారింజా అన్నదమ్ములైపోతాయి. ఒకదాని చోట ఇంకొకటి పడితే ఆంపు మోగుతుంది గానీ ఇలా ఎందుకు మోగుతోందో తేలదు. ప్రతి రెసిస్టరునూ మల్టీమీటరుతో కొలిచి, కాగితం మీద టిక్కు పెట్టుకుని అతికించేవాడికి ఈ బాధ లేదు. అంత ఓపిక లేనివాడు ‘మనమే’ అనరాదు.

చివరి ఘట్టం సిరీస్ బల్బు. మన మెకానిక్కుల బల్ల మీద ఉండే హోల్డరూ, అందులో 100 వాట్ల బల్బూ ఇక్కడ కిట్టుతో వచ్చే పుస్తకాలన్నిటి కంటే గొప్ప గ్రంథం. కట్టిన ఆంపును ముందు దాని ద్వారానే వెలిగించాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే. పూర్తి కాంతితో అలాగే నిలిచిందా, లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు. అప్పుడు కాలేది బల్బులో తీగె గానీ ట్రాన్స్‌ఫార్మరు కాదు. స్పీకరు తగిలించకుండా మాత్రం ఈ పరీక్షకు దిగకూడదు. భారం లేని వాల్వు ఆంపును వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోవచ్చు.

‘తెప్పిచ్చుకుని’ అనే క్త్వార్థకం చూడ్డానికి చిన్నది, ఖర్చుకు పెద్దది. కిట్లు అమెరికా నుంచో, జర్మనీ నుంచో రావాలి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న పెట్టె బరువుగా ఉంటుంది, రవాణా ఛార్జీ ఆ బరువుతో పెరుగుతుంది. కస్టమ్స్ వారు సుంకం లెక్కేసేది సరుకు ధర మీద మాత్రమే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. దాని పైన మళ్లీ ఐజీఎస్టీ. ఇవన్నీ కట్టాక పెట్టె తెరిస్తే, వాల్వులూ, స్పీకరూ, చెక్కపెట్టే విడిగా కొనుక్కోవాలని లోపల కాగితం ఉండవచ్చు. చాలా కిట్లు అలాగే అమ్ముతారు.

అంతకంటే ముఖ్యం ప్రైమరీ, అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మరులో గోడ కరెంటు అందుకునే చుట్ట. అమెరికా ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనది 230, 50. 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరును మన గోడ ప్లగ్గుకు పెట్టడం గురించి చెప్పనక్కరలేదు. స్టెప్‌డౌన్ పెట్టి నడిపినా, 60 హెర్ట్జులకే లెక్కకట్టిన ఇనుము 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది. 230 ప్రైమరీ ఉన్నదే అడిగి తీసుకోవాలి. మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో పవర్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టించుకోవచ్చన్న ఆలోచన మంచిదే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మాత్రం ఆ ధైర్యం పనికిరాదు. ఒక్క వాల్వుతో నడిచే ఆంపుకు దాని ఇనుములో సన్నటి ఖాళీ వదలాలి. ఆ సంగతి తెలియకుండా బిగించి చుట్టినదాంట్లో మంద్రస్వరం నలిగిపోతుంది.

‘సగానికి సగం మిగులుద్ది’. ఇది అతిశయోక్తి అలంకారం. కిట్టు, రవాణా, సుంకం, వాల్వులు, స్పీకరు, సాల్డరింగు ఐరన్, మీటరు, వడ్రంగి కూలి, తప్పు అతికి కాలిపోయినవాటికి మారు భాగాలు: ఇవన్నీ కూడితే మిగిలేది ఉంటే కొద్దిగా ఉంటుంది, లేకపోతే అదీ లేదు. అమ్మబోతే చేత్తో కట్టినదానికి కంపెనీ ఆంపు ధర పలకదు. ఆదా జరిగేది చెక్కపెట్టె దగ్గర. ఫెండర్ పాత పెట్టెలు పైన్ చెక్కవి. ప్యాకింగు పెట్టెలు విప్పిన పైన్ దొరికితే తెనాలి వడ్రంగి దాన్ని చక్కగా చేసిపెడతాడు.

‘సౌండే వేరు’. ఇది మాత్రం యథార్థం. వాల్వును దాని శక్తికి మించి తోసినప్పుడు స్వరం ఒక్కసారి తెగదు, గుండ్రంగా నలుగుతుంది. గట్టిగా మీటితే కరకరలాడి, మెల్లగా మీటితే తేటపడుతుంది. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారే రేడియో వాల్వులు తయారుచేసేవారు. ఇప్పుడు కొత్తవి కావాలంటే స్లొవాకియా, రష్యా, చైనా ఫ్యాక్టరీల వైపు చూడాలి. అయితే 5 వాట్లు గదికి ఎక్కువ, సభకు తక్కువ. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు చేరి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఈ తీరంలో నేడు గిటారు ఎక్కువగా వినిపించేది చర్చిలో. ప్యాడూ కీబోర్డూ పక్కన ఛాంప్ తేటగా నిలబడలేదు. దాని ముందు మైకు పెట్టి మిక్సరుకు ఇవ్వాలి.

పాఠాంతరాలు. బాపట్ల ప్రతిలో ‘కట్టుకుంటే’ బదులు ‘కట్టిచ్చుకుంటే’ అని ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు కనుక ఎలక్ట్రానిక్స్ చదివే స్నేహితుడి మీద భారం వేసే ఉద్దేశం కనిపిస్తుంది. ఆ స్నేహితుడు వాల్వును పాఠంలో చూశాడా, బల్ల మీద చూశాడా అని ముందు విచారించాలి. రేపల్లె ప్రతిలో ‘కొనుక్కుంటే’ అని ఉంది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టే చోట ఆ పాఠమే సాధువు.

తాత్పర్యం. డబ్బు మిగలటానికైతే కిట్టు వద్దు. వారం వారం చర్చిలో, స్టేజి మీద వాయించేవాడు స్ట్రేంజర్ వంటి మన దేశపు ట్రాన్సిస్టరు ఆంపు కొనుక్కోవడమే మేలు. అది చెడితే ఊళ్లోనే బాగవుతుంది. ఇంట్లో సాధన చేసుకుంటూ, సాల్డరింగు పొగంటే ఇష్టపడుతూ, 350 వోల్టులు ఎరిగిన బాబాయ్ ఒకాయన పక్కన కూర్చోవటానికి ఒప్పుకున్నవాడు మాత్రం 5ఎఫ్1 కిట్టు తెప్పించుకోవచ్చు. డబ్బు పంపే ముందు అమ్మేవాడిని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ప్రైమరీ 230 వోల్టులదేనా, ధరలో వాల్వులూ స్పీకరూ ఉన్నాయా.