అరడాక్టరు

మా ఇల్లు కర్నూలు పెద్దాసుపత్రికి దగ్గర. 1956 నుంచి అక్కడ మెడికల్ కాలేజీ ఉంది కదా, ఆ గాలి పీల్చినందుకే సగం డాక్టరయ్యానని నా నమ్మకం. బంధువుల్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు నాకే ఫోను. వాళ్లు బాధ చెప్పడం పూర్తికాకముందే నేను మాత్ర పేరు చెప్పేవాణ్ని. ఆ మర్యాదకు ఎంత మురిసిపోయేవాణ్నో! మీ ఇంట్లోనూ ఇలాంటి బావో చిన్నాయనో ఒకడు ఉండే ఉంటాడు.

మొన్న ఎండాకాలం కడపలో మా పెద్దమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం. "నువ్వొచ్చి ఏదన్నా మాత్ర ఇయ్యి నాయనా" అంది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి బస్సు దిగేసరికి నా జేబులో యాంటీబయాటిక్ పట్టీ ఉంది. దాని మీద నిలువునా ఎర్రగీత. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దానర్థం. నాకు తెలుసు, నాకమ్మిన షాపతనికీ తెలుసు. మాత్ర చేతిలో పెడుతూ, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికందించిన పరిశోధనను నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావేనని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

జ్వరం జారింది గానీ మంట పోలేదు. ఆసుపత్రిలో మూత్రం కల్చర్, అంటే అందులోని క్రిములను పెంచి చూసే పరీక్ష, చేయించమన్నారు. ల్యాబులో అమ్మాయి డబ్బా ఇస్తూ "యాంటీబయాటిక్ ఏమన్నా వాడినారా?" అనడిగింది. పెద్దమ్మ నోరు తెరిచేలోపే నేను "లేదమ్మా" అనేశాను. పట్టీ బయటపెడితే నా పెద్దరికం ఏమైపోవాలి? రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని వచ్చింది. చూశారా అన్నాను, మాత్రలు ఆపించాను. అంతే, మర్నాడు రాత్రి పెద్దమ్మ వణికింది, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణికింది, మంచం కోళ్లు టకటకా కొట్టుకున్నాయి, మా బావ ఆటో కోసం పరిగెత్తాడు, నేను జేబులో పట్టీ నలుపుతూ నిలబడ్డాను. డ్యూటీ డాక్టరు ముందు చివరికి తీసి పెట్టాను.

ఆయన తిట్టలేదు. మందు పడ్డాక తీసిన మూత్రంలో క్రిములున్నా కల్చర్ ప్లేటు మీద పెరగకపోవచ్చని చెప్పి, మళ్లీ శాంపిల్ తీయించారు. ఈసారి ఈ.కోలి అనే క్రిమి పెరిగింది. అడిగితే ప్లేటు చూపించారు. దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. పనిచేసే మందు చుట్టూ ఖాళీ వలయం. నా మాత్ర బిళ్ల చుట్టూ మాత్రం ఇరుకైన వలయం, దాని అంచుదాకా కమ్ముకున్న క్రిములు.

ఏ వార్డులో ఏ క్రిమి, ఏ మందుకు లొంగలేదు అన్న లెక్క ఇలాంటి ప్లేట్ల నుంచే పుడుతుంది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం పలు మెడికల్ కాలేజీల ల్యాబుల నుంచి ఈ లెక్కలే సేకరిస్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఆగలేని రోగికి ఏ మందుతో మొదలుపెట్టాలో డాక్టరుకు చెప్పేది ఈ లెక్కే. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని క్రిములు నేరుగా సుమారు 12.7 లక్షల మందిని చంపాయని ప్రపంచవ్యాప్త అంచనా. అలాంటి శత్రువును లెక్కపెట్టేచోట నా అబద్ధం ఒక తప్పుడు సున్నా వేయించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

సూదిమందులతో పెద్దమ్మ కోలుకుంది. రెండో శాంపిల్‌తో ఇచ్చిన ఫారంలో, అంతకుముందు వాడిన మందులు రాసే గడి నేనే నింపాను. మాత్ర పేరు, మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు రాసి, ఇచ్చింది నేనేనని కూడా రాశాను.