ఊరే ఇంకా తేలలేదు: టీకా తాత్పర్య సహితము

మూలం: "వచ్చేస్తున్నాం బావా. ఊరే ఇంకా తేలలేదు."

అవతారిక: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక తెలుగు గృహస్థు అర్ధరాత్రి దాటాక వాట్సాప్‌లో పంపిన సందేశమిది. ఆయనది తెనాలి, ఆవిడది అనంతపురం. పద్నాలుగేళ్ల అమెరికా కాపురం, ఇద్దరు పిల్లలు, ఇంకా అప్పు తీరని ఇల్లు. గ్రంథం మొత్తం అయిదు మాటలు. అయిదు మాటలకి ఇంత వ్యాఖ్యానమేమిటని పాఠకులు నొసలు చిట్లించకూడదు. మేఘదూతం చిన్న కావ్యమే కదా, దానికి కోలాచలం మల్లినాథసూరి సంజీవని రాయలేదా? పైగా ఆ మహానుభావుడి ఇంటిపేరు కూడా ఊరి పేరే. మెదక్ జిల్లా కొల్చారమే ఆనాటి కొలిచాల అంటారు. తెలుగువాడు ఏ దేశం పోయినా ఊరిని ఇంటిపేరులో వెంటపెట్టుకుపోతాడు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏ ఊరికి రావాలో తెలియక తికమకపడతాడు. ప్రస్తుత గ్రంథానికి వస్తువు ఇదే.

ప్రతిపదార్థం: వచ్చేస్తున్నాం = సామాను సర్దుకుని, మళ్లీ పోకుండా వచ్చుచున్నాము; బావా = ఓ అక్క మగడా; ఊరే = కాపురముండవలసిన నగరము మాత్రమే; ఇంకా = ఇన్ని నెలల తర్జనభర్జన తరువాత కూడా; తేలలేదు = నిశ్చయము కాలేదు.

"వస్తున్నాం" అనకుండా "వచ్చేస్తున్నాం" అనడంలో ఉంది చమత్కారం. వస్తున్నామంటే మూడు వారాల సెలవు, రెండేసి సూట్‌కేసులు, చుట్టాలకి చాక్లెట్లు. వచ్చేస్తున్నామంటే ఓడలో కంటైనరు. ఈ "ఏస్" వెనక పెద్ద కథే ఉంది. అమెరికాలో ఉద్యోగాల కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ ఏటా 7 శాతానికి మించి దక్కకూడదని నియమం. దానివల్ల మనవాళ్ల వరస ఏళ్లూ పూళ్లూ సాగుతుంది. దానికితోడు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మన మూలకర్త వీసా పాతదే, ఆ లక్షతో ఆయనకి పని లేదు. కానీ ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు.

వ్యాకరణ విశేషం: వినేవాళ్లని కలుపుకుంటే మనము, కలుపుకోకపోతే మేము అని విడదీసే సౌకర్యం తెలుగులో ఉంది. క్రియాపదానికి మాత్రం ఆ తేడా లేదు, రెండింటికీ "వచ్చేస్తున్నాం" ఒక్కటే. ఆ బహువచనంలో ఎవరెవరున్నారో క్రియ చెప్పదు కనుక ఇందులో ఇల్లాలి సమ్మతి ఉందా, లేక ఆయనగారే బహువచనం వాడేశారా అన్నది మూలాన్నిబట్టి తేలదు. ఈ సంశయాన్ని పాఠకులు చివరిదాకా గుర్తుంచుకోవాలి.

"బావా" అన్న సంబోధన సాభిప్రాయం. ఈ బావగారు హైదరాబాదులో నల్లగండ్ల నివాసి. పక్క టవర్లో తూర్పు ముఖం ఫ్లాటు ఒకటి ఖాళీగా ఉందని రెండేళ్లుగా చెబుతున్నారు. సలహా చెప్పేవాడు ఎక్కడ ఇల్లు కొన్నాడో తెలిస్తే సలహా సగం తెలిసినట్టే.

ఇక "ఊరే". శంక: ముంబయి, పుణె, ఢిల్లీలను ఎందుకు తలవలేదు? సమాధానం: ఆ ఊళ్లలో వీళ్లకి పిలిస్తే పలికే చుట్టం లేడు. కాబట్టి పోటీ మూడింటికే: హైదరాబాదు, బెంగళూరు, చెన్నై. శ్రీకాకుళం చుట్టాలు "విశాఖ" అని పాఠాంతరం చూపుతారు. వాళ్లకి అదే దగ్గర గనుక అది వాళ్ల ప్రతుల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఈ మూడూ మహానగరాలేనా అన్న దగ్గరే పండితులు తడబడ్డారు. 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో ఇంటి అద్దె భత్యానికి మహానగరాలు నాలుగే ఉండేవి: ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై. అక్కడివాళ్లకి జీతంలో 50 శాతం లెక్క ఉండేది, తక్కిన ఊళ్లకి 40. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరు వచ్చింది, మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదు వచ్చింది. ఆ తరవాత కూడా ఏళ్లకేళ్లు ఈ రెండూ ఆ నిబంధన కంటికి చిన్న ఊళ్లే. అద్దె చీటీ చూసిన అద్దెదారు నవ్వాలో ఏడవాలో ఆ నిబంధనలో రాయలేదు.

శ్లేష: మూలకర్త ఎరిగి రాశాడో ఎరగక రాశాడో గానీ, ఈ వాక్యం నిండా నీళ్లే ఉన్నాయి. "ఊరు" అంటే గ్రామమే కాదు, బావిలో నీరు ఊరడం కూడా. "తేలు" అంటే నిర్ణయం కావడమే కాదు, నీటిమీద తేలడం కూడా. ఒక ప్రతిలో ఫోను దిద్దుబాటు పుణ్యమా అని "బావా" కాస్తా "బావి" అయింది. అది లేఖక ప్రమాదమే అయినా అర్థం చెడలేదు.

మొదట ఊరడం సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున కూర్చుంది. గాలి చల్లనే, నీళ్లకే కష్టం. కావేరిని సుమారు నూరు కిలోమీటర్ల అవతలి నుంచి అర కిలోమీటరు ఎత్తుకు తోడి తేవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోతే కోట్ల ఖరీదు చేసే ఫ్లాట్లవాళ్లు ట్యాంకరు కోసం కాచుకున్నారు. చెన్నై 2019లో జలాశయాలు అడుగంటి, జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెప్పించుకుంది. ఆ ఊరి గొంతు తడిపేవాటిలో తెలుగుగంగ ఒకటి: 1983 ఒప్పందం ప్రకారం శ్రీశైలం కృష్ణ సోమశిల, కండలేరు మీదుగా పూండికి నడుస్తుంది. అంటే చెన్నైలో కాపురం పెట్టినా తాగేది కొంత మన నీళ్లే. హైదరాబాదుకు కృష్ణ నాగార్జునసాగర్ నుంచి, గోదావరి ఎల్లంపల్లి నుంచి గొట్టాల్లో వస్తాయి.

ఇక తేలడం. 2015 డిసెంబరులో చెన్నై తేలింది. 2020 అక్టోబరులో హైదరాబాదు తేలింది. 2022 సెప్టెంబరులో బెంగళూరులో పెద్ద జీతాలవాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. "తేలని ఊరు" అని అన్వయం చెప్పుకుంటే మూడింటిలో ఒక్కటీ నిలవదు. హైదరాబాదు 1908లో మూసీ దెబ్బ తిన్నాక సలహాకి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తరవాత వచ్చినవే. ఆయన పుట్టింది బెంగళూరుకు దగ్గరలోని ముద్దేనహళ్లిలో, ఇంటిపేరేమో ప్రకాశం ప్రాంతపు పల్లె. బెంగళూరా హైదరాబాదా అని జుట్లు పట్టుకునేవాళ్లు ఈ వంశవృక్షం ఒకసారి చూసుకోవాలి.

స్థలం కొలతల్లో కూడా భాషాభేదం ఉంది. హైదరాబాదులో గజాలు, బెంగళూరులో "థర్టీ ఫార్టీ" సైటు, చెన్నైలో గ్రౌండు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు, అంటే రెండు బెంగళూరు సైట్లు, మన లెక్కలో 267 గజాలు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. భాగిస్తే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. డాలర్లలోకి మార్చి చూసుకున్నా ఊరట కలగలేదని మూలకర్త వేరొక సందేశంలో వాపోయాడు.

"ఇంకా" అన్న అవ్యయం పన్నుకీ బడికీ సంబంధించింది. పన్ను సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకి విదేశీ ఆదాయం మీద ఇంచుమించు రెండు మూడేళ్లు వెసులుబాటుంది. అది ఏ ఊళ్లో దిగినా ఒకటే.

బడి అలా కాదు. తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, తెలంగాణ 2018లో తమ తమ భాష బడుల్లో నేర్పాలని చట్టాలు చేశాయి. కాబట్టి పెద్దపిల్ల పన్నెండో ఏట ఏ అక్షరాలు దిద్దాలన్నది ఊరితో పాటే తేలిపోతుంది. ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లకు "ఱ" చూపిస్తే ఇదేం బొమ్మని అడిగింది. అమ్మమ్మతో మాట్లాడాలంటే తెలుగే రావాలి గదా అని తండ్రి వాదం. బెంగళూరైతే నెలకోసారి అమ్మమ్మే వస్తుంది గదా అని తల్లి వాదం.

తాత్పర్యం: ఇక్కడే గ్రంథి వీడింది. "ఊరు" అన్న పదానికి ఇందులో నగరమని అర్థం కాదు, పుట్టింటికి ఎంత దూరమని అర్థం. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 215 కిలోమీటర్లు, హైదరాబాదు 360. తెనాలి నుంచి హైదరాబాదు 300. నెల్లూరివాళ్లయితే ఈ సందేశమే పుట్టేది కాదు, మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే చీకటి పడకముందే చెన్నై. నీళ్లూ గాలీ గజాలూ పైకి చెప్పుకునే కారణాలు. రాత్రి పన్నెండింటికి నాన్నకి గుండె నొప్పి అని ఫోనొస్తే ఎన్ని గంటల్లో చేరతాం అన్నదే ఇద్దరూ ఎదటివాళ్లకి వినపడకుండా వేసుకుంటున్న లెక్క. ఎడిసన్ నుంచైతే ఎంత త్వరపడ్డా ఒక పగలూ ఒక రాత్రీ.

వ్యాఖ్యాత తీర్పు: హైదరాబాదు. బావగారి ఫ్లాటు కోసం కాదు. అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే శంషాబాదు వైపు దిగి అనంతపురం దారి, పెద్ద అంబర్‌పేట వైపు దిగి తెనాలి దారి పట్టవచ్చు. రెండు పుట్టిళ్లకీ కారులో ఆరేడు గంటలకు మించదు. బెంగళూరైతే ఒకరికి నాలుగు గంటలు, మరొకరికి రాత్రంతా రైలు.

అనుబంధం: వ్యాఖ్యానం ముగిశాక మరొక ప్రతి దొరికింది. ఇల్లాలు అనంతపురంలోని అక్కకి పంపినది: "ఆయన హైదరాబాదంటున్నారు. సీటు ముందు ఎక్కడ దొరికితే అక్కడికే." "వచ్చేస్తున్నాం"లోని బహువచనానికి అర్థం దీంతో స్పష్టమైంది. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ రెండేసి బళ్లకి దరఖాస్తులు పెట్టారు. నిన్న బెంగళూరు బడి నుంచి పిలుపు వచ్చింది, ప్రవేశ పరీక్ష వచ్చే శనివారం.